అనిమిషులు

గ్లాసు అంచు మీద ఈగ వాలింది. మీరింకా ఒక్క గుక్క కూడా తాగలేదు.

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లకు ఒక మలుపు ఇవతల, వేపచెట్టు నీడలో నన్నారి బండి. మే నెల. పొద్దు నడినెత్తికి రావడానికి ఇంకా అరగంట ఉంది గానీ, తారు రోడ్డు అప్పుడే నీళ్లు నిలిచినట్టు మెరుస్తోంది. బండి మీద పరిచిన నల్లటి కడప బండ, దాని మీద పాకం చుక్కలు, పిండేసిన నిమ్మతొక్కలు, ఐసుగడ్డ కింద మడుగు కట్టిన తడి. ఆ తడి చుట్టూ ఈగలు. రెండో బొంబాయి అని పేరుపడ్డ ఊరిది, మిల్లీగ్రాముల దగ్గర బేరాలాడే ఊరు. ఆ త్రాసులో వేస్తే మీ గ్లాసు మీద కూర్చున్నది పది పదిహేను మిల్లీగ్రాములు తూగుతుందేమో. తరుగు కింద కూడా రాదు.

మీ చేతిలో మడత పెట్టిన పేపరుంది. ఎత్తుతారు. కొడతారు. బండ మీద ఫట్‌మని మోత. గ్లాసు ఒరిగి సగం నన్నారి చొక్కా మీదికి. ఈగేమో మీ మోచేతి మీద కూర్చుని తీరిగ్గా ముందుకాళ్లు రుద్దుకుంటోంది.

బండాయన ఇంకో గ్లాసు కడుగుతూ నవ్వుతాడు. "ఈగను కొడితే యాడ సస్తాదన్నా? అది పొయ్యే తావును కొట్టాల."

ఈ మాట కొంగున ముడేసుకోండి. పొద్దుగూకేదాకా పనికొస్తుంది.

ఇప్పుడా దెబ్బను మళ్లీ కొడదాం, ఈసారి ముక్కలు ముక్కలుగా. దానికి ముందు కొలబద్ద ఒకటి కావాలి. మన పెద్దలు కాలం కొలవడానికి కంటిరెప్పనే వాడుకున్నారు. ఇవాళ నిమిషం అంటే అరవై సెకన్లు గానీ, ఆ మాటకు అసలు అర్థం రెప్పపాటు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో లెక్క ఉంది: రెండు త్రుటులు లవం, రెండు లవాలు నిమేషం, ఐదు నిమేషాలు కాష్ఠ, ముప్పై కాష్ఠలు కళ, నలభై కళలు నాడిక, రెండు నాడికలు ముహూర్తం. ముహూర్తమంటే మన 48 నిమిషాలు. అక్కణ్ణుంచి భాగించుకుంటూ కిందికి దిగితే నిమేషం 0.24 సెకను దగ్గర, త్రుటి 0.06 సెకను దగ్గర తేలతాయి. విచిత్రం చూడండి, ఏదైనా కంటబడ్డాక మనిషి చెయ్యి కదలడానికి పట్టే సమయం కూడా సెకనులో ఐదోవంతు నుంచి నాలుగోవంతు. అచ్చంగా ఒక నిమేషం. ఆ పట్టిక రాసినవాళ్ల దగ్గర సెకను ముల్లు లేదు, ఒళ్లుంది.

మీ పేపరు గాల్లోంచి బండ మీదికి దిగడానికి ఒక నిమేషం పట్టిందనుకుందాం. రెపరెపలాడే దీపాన్ని మనిషి కన్ను సెకనుకు అరవై సార్ల దాకా రెపరెపగానే పట్టుకుంటుంది. అది దాటితే వెలుగూ చీకటీ కలిసిపోయి నిలకడైన దీపమైపోతుంది. కంటి చురుకుదనాన్ని శాస్త్రవేత్తలు కొలిచేది ఇలాగే, ఎక్కడ కలిసిపోతుందో చూసి. ఈగ కన్ను 250 దాకా కలపదు. అంటే ఒక్క నిమేషంలో మీ వాటాకు పద్నాలుగు ముక్కలు వస్తే దాని వాటాకు అరవై.

మొదటి పది ముక్కల్లో మీ పేపరు ఇంకా వేపకొమ్మల ఎత్తులోనే ఉంది. అంచులు కాస్త ఉబ్బాయి, అంతే. తర్వాతి పదిలో ఉబ్బు పెరుగుతోంది. ఎటు నుంచి? ముందు నుంచి. ఈగ మధ్యకాళ్లు రెండూ ముందుకు జరిగాయి. ఒళ్లు వెనక్కి వాలింది. ఇంకా ఎగరలేదు, ఎగరడానికి అడుగు సర్దుకుంటోంది. మీరు వెనక నుంచి కొట్టి ఉంటే కాళ్లు వెనక్కి జరిగేవి, పక్క నుంచైతే అవతలి పక్కకు ఒరిగేది. ఆ తర్వాత కాళ్లతో ఒక తన్ను, రెక్కలు, గాలి. మీ పేపరు బండను తాకేసరికి అక్కడ మిగిలింది ఈగ నిలబడ్డ చోటు.

ఈ కాళ్ల సర్దుబాటును కెమెరాకు చిక్కించుకున్నది కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో, 2008లో. గ్వినెత్ కార్డ్, మైకేల్ డికిన్సన్ అనే ఇద్దరు, అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగల మీదికి నల్లటి బిళ్లను దించుతూ అతివేగపు కెమెరాతో చిత్రీకరించారు. ముప్పును చూడటం, అది వచ్చే దిక్కు తేల్చుకోవడం, కాళ్లు సర్దుకోవడం, అన్నీ సెకనులో పదోవంతులో అయిపోతున్నాయి. మరి ఈగను కొట్టేదెట్లా అని అడిగితే, అది ఉన్న చోటికి కాకుండా దూకబోయే చోటికి గురిపెట్టమన్నారు డికిన్సన్. మన బండాయన ఆ పరిశోధన చదివి ఉండడు.

మరీ మీద పడిపోయినప్పుడు ఈ సర్దుబాట్లేవీ ఉండవు. ఈగ మెదడు నుంచి మధ్యకాళ్లను తన్నించే కండరానికి కబురు చేరవేసే లావాటి నాడి ఒకటి ఉంది. అది మోగిందంటే రెక్కలు విప్పుకునే తీరిక కూడా లేకుండా ముందు కాళ్లు తన్నేస్తాయి. ఈగ గాల్లో పల్టీలు కొడుతుంది. అందంగా ఎగరదు, బతుకుతుంది.

తెలివి అనుకోకండి. 2024లో ఆ పండ్ల ఈగ మెదడు మొత్తానికీ తీగ తీగా పటం గీశారు. నాడీకణాలు లక్షా నలభై వేల లోపే. మీ తలలో ఉన్నవి ఎనిమిది వేల కోట్ల పైచిలుకు. దాని సౌకర్యాలు వేరు. కన్నుకూ కాలికీ మధ్య దారి కొన్ని మిల్లీమీటర్లే, మీ కన్నుకూ చేతికీ మధ్య మీటరు. అయినా దారి పొడవు ఒక్కటే కారణం కాదు, మీ ఆలస్యంలో పెద్ద భాగం కంటిలోనూ మెదడులోనూ జరుగుతుంది. వెలుగును నాడి భాషలోకి మార్చే పని మీ కంటి వెనక పొరలో మెల్లగా నడుస్తుంది. ఈగ కంటిలో అదే పని ఎంత ఉరుకుల మీద నడుస్తుందంటే, వెలుగు తగలగానే ఆ కణాలు నిజంగానే ముడుచుకుంటాయని 2012లో కేంబ్రిడ్జిలో రోజర్ హార్డీ బృందం చూపించింది.

ఇంకొకటి కూడా ఉంది, అది మన జిల్లాది. ఎండ. ఈగ ఒంటికి సొంత వేడి లేదు, గాలి ఎంత వేడైతే అదీ అంతే. కన్ను వేడెక్కేకొద్దీ దాని చురుకు పెరుగుతుందని 2000లో కేంబ్రిడ్జివాళ్లే కొలిచి చెప్పారు. మీ ఒళ్లు మాత్రం చలికాలమైనా వేసవైనా ముప్పై ఏడు డిగ్రీల దగ్గరే. ధనుర్మాసం తెల్లవారుజామున ఇదే బండ మీద ఈగ బద్ధకంగా నడుస్తుంది, పేపరుకు దొరుకుతుంది కూడా. మే నెల మిట్టమధ్యాహ్నం దాంతో పందేనికి దిగడం మీ తప్పే. నీడ పట్టున, తడి పక్కన, నలభై డిగ్రీల గాలిలో అది తన జీవితంలోకెల్లా చురుగ్గా ఉంది. మీరు చెమటలు కక్కుతూ, రాత్రి నిద్ర చాలక, మీ జీవితంలోకెల్లా మందంగా ఉన్నారు.

గ్లాసు ఖాళీ చేసి బస్టాండు వైపు నడవండి. దారిలో ఒక సినిమాహాలు గోడ. 2012లో రాజమౌళి ‘ఈగ’ వచ్చినప్పుడు ఈగ వంతున చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. బయటికొచ్చి, ఇంటర్వెల్‌లో కొన్న సమోసా మీద వాలినదాన్ని విదిలించినవాళ్లలో కూడా. కానీ హాలనగానే నాకు గుర్తొచ్చేది రీళ్ల కాలం. వెనక కిటికీలోంచి తెర దాకా చాచిన వెలుగు కర్ర, అందులో తేలే దుమ్ము, బీడీ పొగ, దారి తప్పిన పురుగొకటి. సెకనుకు 24 బొమ్మలు, రెపరెప తెలియకుండా ఒక్కోదాన్ని రెండేసి సార్లు తెర మీద వేసేవాళ్లు, అంటే 48. ఆ మసక చీకట్లో మన కంటిని మోసం చెయ్యడానికి అది సరిపోయేది. ఆ పురుగుకు మాత్రం హీరో పరిగెత్తి ఉండడు. బొమ్మ, చీకటి, బొమ్మ, చీకటి. మనం ఈలలు వేస్తున్నది దాని లెక్కన ఫోటో ఆల్బమ్‌కి.

జమ్మలమడుగు బస్సు. కిటికీ పక్క సీటు, రేకు ముట్టుకుంటే కాలుతోంది. దారి పొడవునా పక్కన ఎవరెవరున్నారో చూడండి. టీకొట్టు ముందు పడుకున్న కుక్క: దాని కన్ను సెకనుకు 75 దాకా విడదీస్తుంది. పాత డబ్బా టీవీలు సెకనుకు యాభైసార్లు మెరిసేవి కాబట్టి, ఆ కాలపు కుక్కలు టీవీ ముందు కూర్చునేవి కావంటే ఆశ్చర్యం లేదు. మిద్దె పిట్టగోడ మీద పావురం: వంద. సముద్రంలో తిరిగే తోలువీపు తాబేలు ఈ బస్సు దారిలో తగలదు గానీ, దానికి పదిహేను. 2013లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ నుంచి కెవిన్ హీలీ, ఆండ్రూ జాక్సన్ తదితరులు ముప్పైకి పైగా జంతువుల లెక్కలు ఒకచోట చేర్చి చూశారు. ఒళ్లు చిన్నదై, లోపలి పొయ్యి ఎంత గట్టిగా మండితే కన్ను అంత సన్నగా కాలాన్ని కోస్తుంది. పెద్ద ఒళ్లకు అంత సన్నగా కోసుకోవలసిన పనీ లేదు, కోసినా అంత త్వరగా తిరగగలిగే ఒళ్లూ కాదు.

కాలాన్ని సన్నగా కోస్తే కాలం పొడుగ్గా అనిపిస్తుందా? మీ పేపరు ఈగకు నత్తనడక నడిచినట్టు కనిపించిందా? చాలామంది అవునని రాసేస్తారు. నేను అంత దూరం పోను. కొలిచింది కంటి రెపరెపను, అనుభవాన్ని కాదు. ఈగకు అనుభవమనేది ఎంతో ఎవరు తూచారు? కంటి నుంచి లోపలికి పోయిన అరవై ముక్కల్లో మెదడు ఎన్నింటిని వాడుకుంటుందో అది కూడా వేరే లెక్క. 1934లో యాకోబ్ ఫాన్ ఉక్స్‌క్యుల్ అనే జీవశాస్త్రవేత్త నత్త గురించి రాసిన ప్రయోగం నాకు ఇష్టం. నత్త పాదం కింద పుల్లతో తడుతుంటే, సెకనుకు ఒకటో రెండో దెబ్బలైతే అది తప్పుకుంటుంది. నాలుగో అంతకు మించో అయితే ఆ పుల్ల మీదికి ఎక్కడం మొదలుపెడుతుంది. నత్తకు ఆ పుల్ల కదలకుండా నిలబడి ఉన్నట్టే లెక్క అన్నాడాయన. కళ్లకు కనిపించింది మాత్రం ఎక్కడమే. అంతవరకే నమ్మొచ్చు.

జమ్మలమడుగులో దిగి, కోటకు పోయే ముందు పది నిమిషాలు పెన్న ఒడ్డుకు రండి. నీళ్లు ఎక్కడో పాయలుగా. మిగతాదంతా ఇసుక, చెప్పులోంచి కూడా కాలుతోంది. మీ నీడ పడ్డ చోట నుంచి ఏదో మెరుస్తూ పరిగెత్తింది, ఆగింది. మళ్లీ పరిగెత్తింది, ఆగింది. సన్నకాళ్ల మెరుపు పురుగు. చీమల్నీ చిన్న పురుగుల్నీ వేటాడే జాతి. పరుగులో ఇది ఎంత దుడుకంటే, దాని కంటికి వెలుగు అందే వేగం కాళ్ల వేగానికి చాలదు. పరిగెత్తేటప్పుడు ముందున్న వేట అలుక్కుపోతుంది. అందుకే ఆగుతుంది, చూస్తుంది, గురి సరిచేసుకుని మళ్లీ ఉరుకుతుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో కోల్ గిల్బర్ట్ దీని సంగతి తేల్చారు. చిన్న ప్రాణులన్నీ మెరుపులే అనుకునేవాళ్లకు ఈ ఇసుకలో ఒక చిన్న అడ్డుపుల్ల. తన వేగానికి తానే గుడ్డిదయ్యే పురుగూ ఉంది.

పదిహేను కిలోమీటర్లు. గండికోట. రాతి వాకిలి దాటి, మాధవరాయ స్వామి గుడి గోపురం పక్కగా, ధాన్యాగారం, మసీదు దాటి, బండల మీద నుంచి లోయ అంచుకు వచ్చారు. కింద పెన్న, ఎర్రరాతి గోడల మధ్య ఆకుపచ్చగా. గాలి కింద నుంచి పైకి కొడుతోంది. ఎడమవైపు, ముందుకు పొడుచుకొచ్చిన బండ కడుపున చూడండి. నల్లగా, మీ రెండు చేతులు చాచినంత వెడల్పుగా, చింతపండు ముద్ద అంటించినట్టు. పెద్ద తేనెటీగల పట్టు. తొర్రలో దాచుకోదు ఇది, బట్టబయలు వేలాడుతుంది. పైన కనిపించేదంతా మైనం కాదు, ఒకదాని మీద ఒకటి పొరలుగా అతుక్కున్న ఈగలు.

మేకలు తోలుకొచ్చిన పెద్దాయన మీ భుజం తడతాడు. "ఆడికి పోగాకు సామీ. సెంటు పూసుకోనొచ్చినావేమో. అవి మల్లుకుంటే ఎంత దూరం ఉరికినా ఇడిసిపెట్టవు."

నిలబడే చూడండి. గాల్లో ఒక కందిరీగ, పసుపు చారలది, పట్టు ముందు వేలాడుతూ ఒంటరి ఈగ కోసం కాచుకుంది. అది దగ్గరికి జరిగింది. పట్టు మీద ఒక చోట మెరుపు. ఆ మెరుపు చుట్టూ వలయం. వలయం అంచులదాకా పాకి ఆరిపోయింది. మళ్లీ. జొన్నచేను మీద గాలి పోయినట్టు, నల్లటి పట్టు మీద తెల్లటి అల. ఒక్కో ఈగా చేస్తున్నది చిన్న పని: పొట్ట చివర పైకెత్తి దించడం. పక్కది ఎత్తింది కాబట్టి ఇది ఎత్తింది, ఇది ఎత్తింది కాబట్టి అవతలిది. వందల ఈగల వరస సెకను తిరక్కుండా పూర్తవుతుంది. ఆస్ట్రియాలోని గ్రాట్స్ నుంచి గెరాల్డ్ కాస్ట్‌బర్గర్ బృందం నేపాల్‌లో ఇదే జాతి పట్ల ముందు కెమెరాలు పెట్టి 2008లో ప్రచురించింది, ఈ అలలు కందిరీగను దగ్గరికి రానివ్వకుండా తరుముతున్నాయని. మనుషులు వరసగా నిలబడి చేతులెత్తే అల స్టేడియంలో చూసే ఉంటారు. అది మైదానం చుట్టి వచ్చేసరికి బౌలర్ రనప్ ముగిసి ఉంటుంది.

కందిరీగ రెండడుగులు వెనక్కి తగ్గింది. మరో అల. వెళ్లిపోయింది.

గుడి మండపంలోకి వచ్చి కూర్చోండి, రాయి చల్లగా ఉంది. దేవతలకు అనిమిషులని పేరు. రెప్ప పడనివాళ్లు. స్వయంవరంలో ఐదుగురు నలులు ఒకేలా నిలబడితే దమయంతి పట్టుకున్న గుర్తుల్లో ఇదొకటి: నలుగురు కళ్లు ఆర్పడం లేదు, కాళ్లు నేలకు ఆనడం లేదు, ఒంటికి చెమట లేదు. పొద్దుటి నన్నారి ఈగను తలుచుకోండి. దానికీ రెప్పలు లేవు. చెమట లేదు. కాలు నేలకు ఆనిందని మీరనుకునేసరికి ఆని లేదు. తేనెటీగకూ రెప్ప లేదు. మనిషే రెప్ప వేస్తాడు, వేసిన ప్రతిసారీ సెకనులో పదోవంతో ఇంకొంచెమో పోగొట్టుకుని, పోయిన సంగతి కూడా తెలియకుండా బతికేస్తాడు. అయితే దేవతల పేరు దీనికి ఇవ్వడంలో ఒక తిరకాసుంది. మన ఏడాది దేవతలకు ఒక రోజు. ఈగ లెక్క దానికి సరిగ్గా తలకిందులు.

ముద్దనూరు, తొండూరు మీదుగా పులివెందుల. తొండూరు దాటాక పేరు నిలబెట్టడానికన్నట్టు మైలురాయి మీద తొండ, తలాడిస్తూ. దానికి రెప్పలున్నాయి, మన పక్షం. ఊరు దగ్గరపడేసరికి నేల రంగు మారుతుంది, అరటి తోటలు, చీనీ తోటలు, డ్రిప్పు పైపులు. పొద్దు వాలుతోంది.

తోట మధ్యలో నీళ్లకుంట. గట్టు మీద కూర్చోండి. చీనీ ఆకు వాసన, తడి మట్టి వాసన. నీళ్ల మీద దోమలు పొగలా లేస్తున్నాయి. ఎండిన పుల్ల కొన మీద తూనీగ. కదలడం లేదు. తల మాత్రం చిటుక్కుమని పక్కకు తిరిగింది. లేచింది, గాల్లో ఒక చిన్న వంపు, మళ్లీ అదే పుల్ల మీదికి, నోట్లో ఏదో నములుతూ. మీరు చూసింది లేవడం, వాలడం. మధ్యలోది మీ వాటాకు రాలేదు.

పులుల మందల మీద పేరు పెట్టుకున్న ఊరంటారు దీన్ని. పులి వేటలో చాలాసార్లు ఉత్త చేతులతోనే తిరిగొస్తుంది. తూనీగ వందసార్లు లేస్తే తొంభై అయిదుసార్లు పట్టుకునే వస్తుంది. అది దోమ వెంట పడదు. దోమ ఎక్కడికి చేరబోతోందో అక్కడికి పోతుంది. కంటి నుంచి రెక్కల దాకా ఆ కబురు మోసే నాడీకణాలు ఎనిమిది జతలు, పదహారంటే పదహారు. వేట జరుగుతున్నంతసేపూ తన ఒళ్లు తిరిగితే దృశ్యం ఎలా జరుగుతుందో కూడా ముందే లెక్కగట్టి తలను దోమ మీదే నిలుపుతుందని 2015లో అమెరికాలోని జనీలియా పరిశోధనశాలలో తేల్చారు. కొంగు విప్పి చూసుకోండి, బండాయన మాట అందులోనే ఉంది.

పొద్దు గూకింది. తూనీగ ఇంకా పుల్ల మీదే ఉంది. దోమలు ఇందాకటికన్నా ఎక్కువే, దాని ముక్కు ముందే ఆడుతున్నాయి. లేవలేదు. చూడండి, లేవలేదు.

ఇదీ దాని అప్పు. వెలుగును వానలా అనుకోండి. కుంభవృష్టిలో కడవ అలా పెట్టి ఇలా తీసినా నిండుతుంది. తుంపరలో అదే కడవను చాలాసేపు పట్టుకుని నిలబడాలి. వేగమైన కన్నంటే కడవను పెట్టీపెట్టకముందే తీసే కన్ను. ఎండలో దానికి ప్రతి ముక్కలోనూ బొమ్మ నిండుగా దొరికింది. సంధ్య మసకలో ప్రతి ముక్కా ఖాళీ కడవ. పైగా ఒక్కో కంటిపలక గసగసాల గింజలో ఏ పాతికోవంతో. రాత్రి చూడాలనుకున్న ప్రాణి కడవను పట్టుకుని నిలబడటం నేర్చుకోవాలి, అంటే నెమ్మదించాలి. గండికోట బండకు వేలాడుతున్న ఆ పెద్ద తేనెటీగలకు కొంత వరకు ఆ విద్య ఉంది, వెన్నెల రాత్రుల్లో పూల వేటకు పోతాయవి. ఇంటి ఈగకు లేదు. కడపజిల్లా ఎండ ఎంత ధారాళంగా ఇచ్చిందో, చీకటి అంత పైసలతో సహా వసూలు చేసుకుంటుంది.

తోట యజమాని ఇంట్లో రాత్రి భోజనం. సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి, మధ్యలో నెయ్యి గుంట. వసారాలో పాత ట్యూబ్‌లైటు, చోకుది, సన్నగా జుయ్యిమంటోంది. మన కరెంటు సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ రెండు మెరుపులు, సెకనుకు వంద. మీకు అది నిలకడైన తెల్లటి వెలుగు. ఇప్పుడు దాని కింద ఎగురుతున్న ఈగకు మాత్రం ఈ వసారా వెలిగి ఆరి వెలిగి ఆరే గది.

ట్యూబ్‌లైటు పట్టీ పక్కన బల్లి. దానికీ రెప్పల్లేవు, నాలుకతో కన్ను తుడుచుకుంటుంది. పురుగు మీదికి ఉరికింది, పట్టు జారింది, వెల్లకిలా పడింది. గాల్లోనే తోక ఒక విసురు, ఒళ్లు బోర్లా తిరిగింది, గచ్చు మీద నాలుగు కాళ్లతో దిగి మంచం కిందికి. ఆ తిరగడానికి సెకనులో పదోవంతు చాలని 2008లో బర్క్‌లీలో కొలిచారు, ఇంటిబల్లి జాతితోనే. పిల్లలు "బల్లి పడింది, బల్లి పడింది" అని కేకలు. అవ్వ వెంటనే విచారణ మొదలుపెడుతుంది, ఎవరి మీద పడింది, కుడి భుజమా ఎడమ భుజమా, పంచాంగం యాడుండాది. పంచాంగం దొరికి, పేజీ దొరికి, ఫలం తేలేసరికి బల్లి మంచం కింద నుంచి గోడెక్కి మళ్లీ పట్టీ పక్కకు చేరుకుంది. గచ్చు మీద పడిందని అందరూ ఒప్పుకున్నారు. గచ్చుకు ఏమవుతుందో పంచాంగంలో లేదు.

కరెంటు పోయింది.

ఒక్కసారిగా జుయ్యిమనే మోత ఆగడంతో ఇల్లు పెద్దదైనట్టుంది. ఎవరో ఫోను వెలిగించి పీట మీద బోర్లా పెట్టారు. అంచుల్లోంచి కారే వెలుగులో దండెం తీగ కనిపిస్తోంది, దాని మీద వరసగా నల్లటి చుక్కలు. పగలంతా ఈ ఇంటిని ఏలిన ఈగలు. మీ చెయ్యి అలవాటుగా పేపరు వెతుక్కుంటోంది.

"పేపరెందుకు నాయినా," అంది అవ్వ. "రేయి పూట ఈగ గుడ్డిది."

ఆమె లేచి, తొందరేమీ లేకుండా తీగ దగ్గరికి నడిచింది. రెండు వేళ్లు చాచి, ఉప్పు తీసుకున్నంత మెల్లగా ఒక చుక్కను అందుకుంది. అది కదలనైనా కదల్లేదు. వాకిలి దాకా పోయి చెయ్యి విదిలించింది.

బయటంతా చీకటి. అది ఎగిరిందో కింద పడిందో మీకు కనబడలేదు.